జోడీ

నా పదవీ విరమణ రోజున బడిలో శాలువాలు కప్పారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా బిడ్డ విమానం టిక్కెట్టు చేతిలో పెట్టింది.

"మునిగిపోయిన ఓడ చూపిస్తా, పద నాన్నా" అంది.

మాది మొయినాబాద్ పక్క పల్లె. సముద్రం మాకు వందల కిలోమీటర్ల దూరం. మాకు తెలిసిన పెద్ద నీళ్లు రెండే. ఒక పక్క గండిపేట, ఇంకో పక్క హిమాయత్ సాగర్. ముప్పై ఏళ్లు సర్కారు బడుల్లో భౌతికశాస్త్రం చెప్పాను. నీటి పీడనం గురించి నల్లబల్ల మీద ఎన్నిసార్లు లెక్కలు కట్టానో. ఆ పీడనాన్ని ఒంటి మీద మోసే రోజు వస్తుందని మాత్రం అనుకోలేదు.

బిడ్డ 2016 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి అమెరికా పోయింది. వీసా కోసం మా మండలంలోనే ఉన్న చిల్కూరు బాలాజీ గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంది. వీసా వచ్చాక 108 తిరిగి మొక్కు తీర్చుకుంది. అక్కడ చదువూ ఉద్యోగమూ చేస్తూనే స్కూబా నేర్చింది. నిరుడు తిరిగొచ్చి గచ్చిబౌలి దిక్కు ఉద్యోగంలో చేరింది. వస్తూ వస్తూ తెచ్చుకున్న వస్తువుల్లో ఆమె ప్రాణంగా చూసుకునేది ఒక నీలం అట్ట పుస్తకం. అది లాగ్‌బుక్.

నీళ్లలో దిగిన ప్రతిసారీ అందులో ఒక పేజీ రాస్తుంది. ఎక్కడ దిగింది, ఎంత లోతు పోయింది, నీళ్లలో చూపు ఎంత దూరం ఆనింది, తోడు జోడీ ఎవరు. తెలుగు మరిచిపోకూడదని మొదటి నుంచీ తెలుగులోనే రాస్తోంది. మునిగిన ఓడల పేజీల్లో మాత్రం స్కేలు పెట్టి గీసుకున్న గడులు రెండు ఎక్కువ ఉంటాయి. సరుకు, ముంచింది.

"ఏ ఓడా దానంతటది మునగదు నాన్నా. గాలివానో, రాయో, మనిషో. ఎవరైతే వాళ్ల పేరు రాయాలి" అంది.

మే నెలలో బాలి పోయాం. ఆ ద్వీపం ఈశాన్య తీరాన తులాంబెన్ అని చిన్న ఊరుంది. ఒడ్డంతా గుండ్రటి నల్లరాళ్లు. వెనక ఆగుంగ్ అగ్నిపర్వతం. ఒడ్డుకు ముప్పై మీటర్ల దూరంలోనే లిబర్టీ అనే సరుకు ఓడ పక్కకు ఒరిగి పడుకుని ఉంది. పొడవు 120 మీటర్ల పైమాటే. పైభాగం 5 మీటర్ల లోతులోనే తగులుతుంది, కింది భాగం 30 మీటర్ల దాకా దిగిపోతుంది.

1918లో అమెరికాలో కట్టిన ఓడ అది. 1942 జనవరి 11న రబ్బరు, రైలు సామాన్లు వేసుకుని పోతుంటే లోంబోక్ జలసంధి దగ్గర జపాన్ జలాంతర్గామి ఐ-166 టార్పెడోతో కొట్టింది. రెండు యుద్ధనౌకలు తాళ్లు కట్టి రేవుకు లాక్కుపోవాలని చూశాయి. ఓడలోకి నీళ్లు ఎక్కువై, దారిలోనే ఈ ఊరి ఒడ్డుకు ఎక్కించి వదిలేశారు. 21 ఏళ్లు ఒడ్డునే పడి ఉంది. 1963లో ఆగుంగ్ పేలినప్పుడు ఆ అదురుకు జారి నీళ్లలోకి పోయింది.

"ఆ ఏడు యుద్ధం మన ఒడ్డుకూ వచ్చింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి" అని చెప్పాను. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది. బిడ్డ శ్రద్ధగా తలూపింది.

తెల్లవారి ఒడ్డుకు వచ్చేసరికి ఊరి ఆడవాళ్లు నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, దాని మీద గాలి సిలిండరు అడ్డంగా పెట్టుకుని, ఆ జారే రాళ్ల మీద చేయి కూడా వేయకుండా నడిచి వస్తున్నారు. ఒక్కో సిలిండరు పదిహేను కిలోలు. మా అమ్మ నీళ్ల బిందె ఎత్తుకుని బావిగట్టు ఎక్కిన నడకే అది. కాసేపు చూస్తూ ఉండిపోయాను.

మా గైడు ఆ ఊరివాడే. నలభై ఏళ్లుంటాయి. నా డాక్టరు చీటీ చూసి, నా వయసు చూసి, ముందు నడుముల లోతు నీళ్లలో నిలబెట్టి పాఠం చెప్పాడు.

"మొదటి మాట. ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు. రెండో మాట. దేన్నీ ముట్టుకోవద్దు. మూడో మాట. నీళ్ల కింద ఎవరూ ఒంటరి కాదు. నీకు జోడీ ఉంటుంది. నీ గాలి అయిపోతే తన గాలి నీకిస్తుంది. జోడీకి ఏం జరిగినా అందులో నీకూ పాలుంటుంది."

మొదటి మాటకు కారణం నాకు తెలుసు. పది మీటర్ల లోతున పీడనం పైనున్న దానికి రెండింతలు. అక్కడ నిండా పీల్చిన గాలిని బిగబట్టి పైకి తేలితే, పీడనం తగ్గేకొద్దీ ఆ గాలి ఉబ్బి ఊపిరితిత్తులను చీలుస్తుంది. బాయిల్ సూత్రం. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

తల నీళ్లలో పెట్టి పది నిమిషాలు ఊపిరి ఆడించాను. గైడు ఆశ్చర్యపోయాడు. మొదటిసారి దిగేవాళ్లు బెదురుతారట. ఈయనకు నీళ్లంటే భయం లేదేం అని అడిగాడు.

"మా తాత బావిలో నాన్న ఈత నేర్చుకున్నాడు" అంది బిడ్డ, గర్వంగా.

అప్పుడు బావి సంగతి చెప్పక తప్పలేదు. మాది రాతికట్టు మోటబావి. పదమూడు గజాల లోతు, అంటే దాదాపు 40 అడుగులు. ఒక పక్క దిగడానికి మెట్లున్నాయి. మీదికి వంగిన తుమ్మచెట్టుకు గిజిగాడి గూళ్లు వేలాడుతుంటాయి. లకుముకి పిట్ట బాణంలా దిగి చేపపిల్లను ఎత్తుకుపోతుంది. నాకు ఏడేళ్లప్పుడు మా నాయిన నా వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, పై మెట్టు మీది నుంచి నీళ్లలోకి తోశాడు. "ఊపిరి బిగబట్టు కొడుకా, నీళ్లే నిన్ను మోస్తయి" అన్నాడు.

"అడుగున ఏముంది?" అన్నాడు గైడు. నీళ్లలో దిగేవాడి ప్రశ్న అది.

"మోట బొక్కెన ఉంది. మాకు కరెంటు మోటరు వచ్చిన ఏడు తాడు తెగి పడింది. పాతాళగరిగె వేసి వెతికినా దొరకలేదు. ఇనుపది. మా తాత చేయించింది."

"అయితే మీకూ ఒక ఓడ ఉంది" అన్నాడు గైడు.

దిగాం. ఇసుక నల్లగా ఉంది. దాంట్లోంచి సన్నటి పాముచేపలు సగం లేచి గడ్డిపరకల్లా ఊగుతున్నాయి. మేం దగ్గరికి పోగానే అన్నీ ఒక్కసారి కన్నాల్లోకి జారిపోయాయి. ముందు నీలం మసక. తర్వాత ఆ మసకలో ఇంకా చిక్కటి నీలం. అది ఓడ.

ఇనుము కనబడలేదు. ఇనుము మీద పెరిగిన బతుకు కనబడింది. పక్కటెముకల్లాంటి దూలాల నిండా పగడాలు, విసనకర్రల్లా విచ్చుకున్న సముద్రపు మొక్కల్లాంటి జీవాలు. సరుకు గది ఉన్నచోట వెండి చేపల గుంపు సుడి తిరుగుతోంది. నుదుటి మీద బొడిపె ఉన్న పెద్ద చిలుకచేపలు ఎడ్ల మందలా నిదానంగా కదిలిపోయాయి. అవి పగడాన్ని కొరుకుతుంటే ఆ చప్పుడు నీళ్లలో వినిపించింది. మనిషిని చంపడానికి వేసిన దెబ్బతో పడిపోయిన ఓడ ఇన్ని ప్రాణాలకు ఇల్లయింది.

ఎరుపు రంగు నీళ్లలో ముందు చచ్చిపోతుంది. బిడ్డ చేతికున్న ఎర్ర దారం నల్లగా కనిపించింది. ఆమె టార్చి వేసింది. దారం మళ్లీ ఎర్రగా భగ్గుమంది. దీపం పడ్డంత మేరే అసలు రంగు. గైడు లోతు చూపే గడియారం నా ముందు పెట్టాడు. 12 మీటర్లు. మొదటిసారి దిగేవాళ్లకు అదే హద్దు.

12 మీటర్లంటే 40 అడుగులు. సరిగ్గా మా బావి అడుగు.

రాత్రి బిడ్డ పుస్తకం తీసింది. గుండ్రటి అక్షరాలు. అ ఆలు నేను దిద్దించిన చెయ్యి.

స్థలం: తులాంబెన్, బాలి.
లోతు: 12 మీటర్లు.
చూపు: 15 మీటర్లు.
సరుకు: రబ్బరు, రైలు సామాన్లు.
ముంచింది: జపాన్ జలాంతర్గామి ఐ-166.
జోడీ: నాన్న.

మూత పెట్టిన కలం మళ్లీ తెరిచి, పక్క పేజీలో గడులు గీయడం మొదలుపెట్టింది.

"ఇదెందుకు బిడ్డా?"

"తాత బావికి. ఊరికి పోగానే దిగుదాం. బొక్కెన మనమే చూద్దాం. తియ్యొద్దు, ముట్టుకోవద్దు. చూసి వద్దాం, అంతే."

నేను కిటికీలోంచి సముద్రం దిక్కు చూశాను. సరే అన్నాను. మరునాడు ఆమె బజారులో ఇంకా పెద్ద టార్చి కొన్నది.

శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన తెల్లారి ఆదివారం. ఊరికి బయలుదేరాం. కారు ఆమే నడిపింది. అవుటర్ రింగ్ రోడ్డు మీద హిమాయత్ సాగర్ నీళ్లు కనబడగానే వేగం తగ్గించింది. "చెప్పు నాన్నా, నీకిష్టమైన పాఠం" అంది. చిన్నప్పుడు ఈ దారిన పోయినప్పుడల్లా చెప్పేవాణ్ణి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో హైదరాబాద్ కొట్టుకుపోయింది. మళ్లీ అంత విపత్తు రాకుండా విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్ వచ్చింది, అదే మన గండిపేట. ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ వచ్చింది. మన పొలాల మీద పడ్డ వాన వాగుల వెంట అక్కడికి చేరుతుంది. అందుకే 1996 మార్చి 8న 111 జీవో తెచ్చి ఈ 84 ఊళ్లలో ఇష్టం వచ్చినట్టు కట్టొద్దన్నారు. మన బావీ ఆ చెరువూ భూమి లోపల చుట్టాలే అని పాఠం ముగించేవాణ్ణి.

ఆ రోజు పాఠం మధ్యలోనే ఆపేశాను. ఆమె గమనించలేదు. వెనక సీట్లో మాస్కు, టార్చి, రెండు తువాళ్లు ఉన్నాయి.

మొయినాబాద్ దాటి మట్టిదారి తిరిగాం. మట్టిదారి ఇప్పుడు సిమెంటుది. కంచె ఉండాల్సిన చోట పదడుగుల గోడ. గోడకు ఇనుప గేటు. గేటు సందులోంచి పచ్చిక కనబడుతోంది. పచ్చిక నడుమ గొడుగు, దాని కింద నాలుగు తెల్ల కుర్చీలు.

"దారి తప్పామా నాన్నా?"

"లేదు బిడ్డా."

"బావి?"

నేను కుర్చీల దిక్కు చెయ్యి చూపించాను.

ఆమె గేటు ఊచలు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తుమ్మచెట్టు లేదు. గిజిగాడు లేడు. నీళ్ల వాసన లేదు. బాలిలో నేను 'ఉంది' అన్న ప్రతి మాటా 'ఉండేది' అనాల్సిన మాట.

"భూమి కొంత అమ్మానన్నావు. బావి ఉన్న చెక్క మనకే ఉందన్నావు."

"అన్నాను."

"ఫోన్‌లో అడిగినప్పుడల్లా నీళ్లు నిండుగా ఉన్నాయన్నావు."

"అన్నాను."

బిగబట్టిన గాలి పైకి వచ్చేకొద్దీ లోపల ఎట్లా చీలుస్తుందో నాకు అక్కడ తెలిసింది. అంతా చెప్పేశాను. బావి పూడ్చి, చదును చేసి ఇస్తేనే రిజిస్ట్రేషన్ అన్నాడు కొనేవాడు. నాయిన పోయి ఏడాదైంది, అడ్డం చెప్పేవాళ్లు లేరు. మూడు రాత్రులు, అరవై టిప్పర్లు. నగరంలో కూల్చిన ఇళ్ల ఇటుకముక్కలు, సున్నం, విరిగిన బండలు. మొదటి టిప్పరు కుమ్మరించినప్పుడు నీళ్లు మెట్ల మీదికి ఎగిరి నా కాళ్లు తడిపాయి. నేనే నిలబడి లెక్కపెట్టాను.

"ఎప్పుడు?" అంది.

"2016. జూన్ నెల."

ఆమె పెదాలు కదిలాయి. జూన్, జూలై, ఆగస్టు. వేళ్ల మీద లెక్కపెట్టినట్టు అనిపించింది. ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. ఇల్లు చేరేదాకా కారులో ఇండికేటరు చప్పుడు తప్ప ఏమీ లేదు.

రాత్రి నిద్రపట్టక లేచాను. ఆమె గదిలో దీపం ఆరిపోయింది. హాల్లో బల్ల మీద నీలం అట్ట పుస్తకం తెరిచి ఉంది. బాలిలో గడులు గీసి పెట్టిన పేజీ. అన్నీ నింపింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, ఎక్కడా వణకకుండా ఉన్నాయి.

స్థలం: తాత బావి, మొయినాబాద్.
లోతు: సున్నా.
చూపు: సున్నా.
సరుకు: నా అమెరికా చదువు.
ముంచింది: నాన్న.
జోడీ: నేను.