కూలితే పట్టుకోవడానికి ఒకరు

సర్కారు భవనాన్ని కూలకుండా కాపాడాలంటే బోలెడు ఖర్చు. అది భేషుగ్గా ఉందని రాయించుకోవడానికి మాత్రం ఒక టెండరు చాలు. అందుకే మన ఏలికలు రెండో దారి పట్టారు.

ఆ టెండర్లలో చిన్న సంస్థలకూ చోటివ్వాలన్నారు. పైకి చూస్తే ఉద్దేశం బంగారం. 2012 నాటి కొనుగోళ్ల విధానం ప్రకారం కేంద్ర శాఖలు తాము కొనే వస్తుసేవల్లో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే తీసుకోవాలి. బిడ్‌తో పాటు కట్టే ధరావతు (ఈఎండీ) కూడా వాటికి మినహాయింపే. ఇద్దరు ఇంజనీర్లు, కాంక్రీటు గట్టిదనం చూసే సుత్తి (రీబౌండ్ హామర్) ఒకటి ఉన్న సంస్థ కూడా బిడ్ వేయొచ్చు. వేశాక అసలు కథ మొదలవుతుంది. పని ఎల్‌-1కే, అంటే అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడికే. వాడు పోటీపడి అంచనా కన్నా తక్కువకు, అంటే లెస్‌కు, వేస్తాడు. స్లాబు లోపలి సంగతి తేలాలంటే కాంక్రీటు ముక్క (కోర్) తీసి ల్యాబుకు పంపాలి, ఊచల తుప్పు కొలవాలి. ఆ రేటుకు అవేవీ గిట్టవు. గిట్టేది కంటిచూపు ఒక్కటే.

ఒక బడి సంగతే చూడండి. తనిఖీ అనగానే పెచ్చులూడిన చోట సిమెంటు మెత్తుతారు, పైన సున్నం కొడతారు. సన్‌షేడ్ మీది రావిమొక్కను పీకేస్తారు. వేరు గోడలోనే ఉంటుంది. సంస్థ పంపిన కుర్ర ఇంజనీరు ప్లాస్టరు మీదే సుత్తి ఆనించి రీడింగులు రాసుకుంటాడు. అయినా మనసొప్పక 'ప్రమాదకరం' అని రాశాడనుకోండి, ఏఈ గారు పక్కకు పిలుస్తారు.

"అలా రాస్తే ఖాళీ చేయించాలి కదయ్యా! పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతాం? నిధులెవరిస్తారు? చిన్నపాటి మరమ్మతులు అవసరం అని రాసెయ్. బిల్లు కూడా తొందరగా కదులుతుంది."

"సరే సార్."

ముంబయి సీఎస్‌ఎంటీ రైల్వే స్టేషన్ పక్కన ఉన్న పాదచారుల వంతెనకూ ఆడిట్ జరిగింది. చిన్న మరమ్మతులు చాలన్నారు. 2019 మార్చి 14 సాయంత్రం అది జనం మీద కూలింది. మొట్టమొదట అరెస్టయింది ఆడిటరే. రాజస్థాన్‌లోని పీప్లోదీ బడి అయితే శిథిల భవనాల జాబితాకే ఎక్కలేదు. 2025 జులై 25న కూలి ఏడుగురు పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. మర్నాడే దేశంలోని బడులన్నిటికీ భద్రతా ఆడిట్ చేయాలని కేంద్రం ఆదేశించింది.

పోనీ, రిపోర్టు నిజమే చెప్పిందనుకుందాం. ఇంకో రిపోర్టు అడుగుతారు. హైదరాబాదులో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం మీద కమిటీల మీద కమిటీలు కూర్చున్నాయి. 2020 జులైలో వాన నీళ్లు వార్డుల్లోకి వచ్చాక గానీ అది పూర్తిగా ఖాళీ కాలేదు. నిపుణుల మాటకే అంత విలువుంటే, లెస్‌కు వేసిన చిన్న సంస్థ మాట ఎవరికి కావాలి?

మాట అక్కర్లేదు, సంతకం కావాలి. చిన్న సంస్థకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతుంది. బిల్లు మాత్రం బల్ల నుంచి బల్లకు తీరుబడిగా నడుస్తుంది. భవనం కూలిన నాడు అదే సంస్థ చిరునామా గంటలో దొరుకుతుంది.

కనుక ఇకనైనా టెండరు నోటీసులో నిజం అచ్చు వేయండి:

"పని పేరు: భవనం కూలిన పిమ్మట అరెస్టు నిమిత్తం సంతకం సరఫరా. పరిమాణం: 1. బెయిలు ఖర్చులు బిడ్డరే భరించవలెను. చిన్న సంస్థలకు ప్రాధాన్యం ఇవ్వబడును."