గొర్రెలకేం ఒరుగుతుంది?

నాకు తెలిసిన సినిమా విమర్శకుల్లోకెల్లా గొప్పవాడు ఒక్క సమీక్షా రాయలేదు. పేరు శామ్ యాజీ. అరిజోనాలోని పైన్ స్ప్రింగ్స్‌లో నవాహో తెగ వైద్యుడు, పెద్దమనిషి. 1966లో సోల్ వర్త్, జాన్ అడేర్ అనే ఇద్దరు పండితులు కెమెరాలు మోసుకొచ్చి, మీవాళ్లకు సినిమా తీయడం నేర్పుతామన్నారు. ముసలాయన సాంతం విని, దీనివల్ల గొర్రెలకేమైనా కీడా అని అడిగాడు. లేదన్నారు. పోనీ మేలా? అదీ లేదన్నారు. మరెందుకు తీయడం అన్నాడు. పండితులు నీళ్లు నమిలారు.

నవ్వకండి. 1930లలో అమెరికా సర్కారువారు కూడా ఇలాగే మంచిమాటలతో వచ్చారు. మేతనేల కోసుకుపోతోందంటూ నవాహోల మందల్ని దాదాపు సగం చేశారు. చాలా గొర్రెల్ని కాల్చి అక్కడే కుళ్లిపోనిచ్చారు. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందేమో గానీ, దాని కాపరి నమ్మడు.

ఆ ముసలాయన ప్రశ్నని ఇప్పుడు ఆర్ట్ మ్యూజియం గుమ్మంలో నిలబడి అడగాలి. అమెరికాలో నవంబరు ఆదివాసీ వారసత్వ మాసం. కార్తీకం రాగానే మనకు ఉసిరిచెట్టు గుర్తొచ్చినట్టు, మ్యూజియాలకు అప్పుడు ఆదివాసులు గుర్తొస్తారు. వాళ్లు తీసిన లఘుచిత్రాలు వేస్తారు, తొంభై నిమిషాలు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న తెగలే 570 పైచిలుకు. పంచితే తెగకు పది సెకన్లు రావు. తెర లేవకముందు నిర్వాహకులొకరు మైకందుకుని, మనం నిలబడ్డ ఈ నేల ఫలానా తెగవారిదని గద్గదంగా ఒప్పుకుంటారు. ఇల్లు ఆక్రమించినవాడు అరుగు మీదికొచ్చి, ఇల్లు మీదే బాబూ అని అసలు యజమానికి దండం పెట్టి, లోపలికెళ్లి గడియ వేసుకున్నట్టుంటుంది. అద్దె ఊసే ఉండదు.

బొమ్మ అయ్యాక ప్రశ్నోత్తరాలు. ప్రేక్షకులకు కావలసింది ఈకలు, డప్పులు, కాస్త కన్నీరు. దర్శకుడు మనల్ని నవ్విస్తే ఆ నవ్వులో గాయమెక్కడుందని వెతుకుతారు. మావోరీ ఆదివాసీ దర్శకుడు తైకా వైటీటీ 'టూ కార్స్, వన్ నైట్' తీశాడు. బారు బయట రెండు కార్లలో పెద్దవాళ్ల కోసం ఎదురుచూసే పిల్లల కథ, అంతే. దానికి 2005లో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. వేడుకలో పేర్లు చదువుతుంటే ఆయన కునుకు తీస్తున్నట్టు నటించాడు. ప్రశ్నోత్తరాలకు అంతకన్నా మంచి జవాబు నేనెరగను.

అసలు కథ కింద, గోదాముల్లో ఉంది. ఆదివాసుల ఎముకల్ని, పవిత్రవస్తువుల్ని తెగలకు తిరిగివ్వాలని 1990లోనే చట్టం వచ్చింది. 2023 మొదట్లో లెక్క తీస్తే మ్యూజియాల్లో, విశ్వవిద్యాలయాల్లో లక్షా పదివేలమందికి పైగా పూర్వీకుల అవశేషాలు ఇంకా అలమరాల్లోనే ఉన్నాయి. తెగల అనుమతి లేనిదే ప్రదర్శించరాదని 2024 జనవరిలో కొత్త నిబంధనలొచ్చాకే న్యూయార్క్ నేచురల్ హిస్టరీ మ్యూజియం రెండు హాళ్లు మూసింది, షికాగో ఫీల్డ్ మ్యూజియం అద్దాల పెట్టెలకు ముసుగులేసింది. ముప్పైనాలుగేళ్లు పట్టింది సిగ్గుపడటానికి! అందుకే మ్యూజియానికి సినిమా ముద్దు. గడువులోగా అది తిరిగిచ్చే ఆదివాసీ వస్తువు సినిమా ఒక్కటే.

యాజీ సందేహించిన ఆ సినిమాలు ఏమయ్యాయంటారా? నవాహోలు తీశారు, అవీ పొట్టివే. సూసీ బెనల్లీ తన తల్లి నేతపని మీద ఒకటి తీసింది. మగ్గం ముందు కూర్చున్న అమ్మని ఆర్ట్‌గా చూపిస్తుందనుకుంటాం. ఆమె చూపింది ఎక్కువగా ఉన్ని కత్తిరించడం, రంగు కోసం వేర్లు తవ్వడం, ఉతకడం, వడకడం, వీటి మధ్య తీరిగ్గా నడక. దుప్పటి వంతు కొంచెమే. మ్యూజియం గోడకు తగిలించేది ఆ కొంచెమే. 2002లో ఆ చిత్రాలు అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీకెక్కాయి. గొర్రెలు కూడా ఆ మేరకు జాతీయ సంపదయ్యాయి.

ఒక్క సంగతి మాత్రం మనవాళ్లు గర్వంగా చెప్పుకోవచ్చు. నవాహో నమూనా దుప్పట్లకు నకళ్లు నేసి అమెరికాకు పంపే దేశాల్లో మనదీ ఒకటి. అక్కడి అంగట్లో 'ఇండియన్ దుప్పటి' అని చీటీ ఉంటే ఒక్కోసారి అది అక్షరాలా నిజం. కొలంబస్ చేసిన తప్పు అయిదొందల ఏళ్లకు ఇలా దిద్దుకుంది. యాజీ గొర్రెల ఉన్నికి అక్కడా బేరం లేదు.