కాస్త నెట్టు ఇత్తారేటమ్మా!

మా పిల్లాడి ఆయా అప్ప పనిలో కుదిరేటప్పుడే అన్నీ తేల్చుకుంది. జీతం ఎంత, ఆదివారం సెలవా కాదా, కొత్త అమావాస్యకి తను అనకాపల్లి నూకాలమ్మ జాతరకి వెళ్తే పిల్లాణ్ణి ఎవరు చూసుకుంటారు, సంక్రాంతి చీర మేం కొనిపెడతామా లేక డబ్బులు చేతికిస్తామా. అన్నిటికీ తలాడించాను. చంటిపిల్లాడున్న ఉద్యోగస్తురాలు ఆయా అడిగినదానికి తలాడించక ఏం చేస్తుంది? ఆ జాబితాలో వైఫై లేదు. అది తర్వాత వచ్చింది. ఒకరోజు పిల్లాణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడి, మొహమాటం ఏమీ లేకుండా, "అమ్మా, మీ ఇంట్లో వైఫై ఉంది గదా, నాక్కూడా కాస్త నెట్టు ఇత్తారేటమ్మా?" అంది.

మా ఆయన పేపరు మడిచారు. మా అత్తగారు జపమాల ఆపారు.

మాది నాతవరం. నర్సీపట్నం దగ్గర, తాండవ రిజర్వాయరున్న మండలం. ఈ వైపు సంగతులు తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెబుతాను. నర్సీపట్నం రోడ్డు అని ఒక రైల్వేస్టేషను ఉంది. అక్కడ దిగినవాడికి రోడ్డు దొరుకుతుంది గాని నర్సీపట్నం దొరకదు, దానికి వేరే బండెక్కాలి. మా ఇంట్లో సెల్‌ఫోన్ సిగ్నలూ ఆ బాపతే. గీతలు నిండా కనిపిస్తాయి, మాట మాత్రం వీధి చివర దిగిపోతుంది. కాబట్టి కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన తీగే మాకు దిక్కు. స్తంభాలెక్కి నెట్టు ఊళ్ళలోకి రావడం మన రాష్ట్రానికి కొత్తేం కాదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ నెట్‌ను ప్రారంభించినప్పుడు, నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు మూడూ ఇస్తామన్నారు. అప్పట్నుంచి పల్లెటూళ్ళో ఇంటి హోదా చూడాలంటే ముందు గుమ్మం మీది తీగ చూస్తున్నారు. మా ఇంటి తీగ ఏ కంపెనీదో చెప్పను. దాని పెట్టె మాత్రం దేవుడి గూటి పక్కనుంటుంది. దసరాకి దానికీ బొట్టు పడుతుంది.

సరే, అప్ప అడిగింది. "సాయంత్రం చెబుతాలే" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. అడ్వాన్సు అడిగితే పర్సు తీసిన దాన్ని.

రాత్రి సభ కూడింది. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. పొద్దున్నించీ సాయంత్రం దాకా కౌంటరు ముందుకొచ్చిన ప్రతి మనిషికీ "ఓటీపీ ఎవరికీ చెప్పకండి, పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి" అని చెప్పీ చెప్పీ, ఆ మాట వింటేనే ఆయనకి గుండె దడ. "నీకు తెలీదు," అంటూ మొదలెట్టారు. "2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళకి కాస్త ముందు ఒక ఈమెయిల్ వచ్చింది. అది ఎక్కణ్ణించి వచ్చిందని చూస్తే, నవీ ముంబయిలో ఒక అమెరికా ఆయన ఇంటి వైఫై! పోలీసులు నేరుగా ఆయన గుమ్మమెక్కారు. పాపం ఆయనకేమీ తెలియదు. ఎవడో వాడేశాడు."

విషయం నిజమే. కానీ అప్ప ఈమెయిల్ పంపడం నేనింతవరకూ చూడలేదు. ఆవిడ పంపేదల్లా గులాబీపువ్వు మీద 'శుభోదయం'. దేశభద్రతకి దానివల్ల ముప్పుంటే ఈపాటికి మా ఆయన చిన్నాన్నగారు జైల్లో ఉండాలి.

అత్తగారి అభ్యంతరం వేరు. "ఆవిడ వాడేస్తే మనకి మిగులుతుందంటావా?"

"అది అయిపోయేది కాదత్తయ్యా. ఎంత వాడినా అదే బిల్లు."

"ఎంత వాడినా అదే బిల్లయితే మరి మీరు నన్ను రాత్రిపూట ఆపెయ్యమంటారేం?"

ఆపెయ్యమన్నది ఆవిడే. ఆ మాట ఎత్తలేదు. కోడలిగా నేను నేర్చుకున్న విద్యల్లో అదొకటి.

నిజానికి నన్ను పట్టుకున్న బెంగ వేరే ఉంది. ఆవిడ ఫోన్లో పడిపోతే పిల్లాడు ఏ గోలీకాయో నోట్లో పెట్టుకుంటే? ఇది చిన్న బెంగ కాదు, ఆయాని పెట్టుకున్న ప్రతి తల్లికీ ఉంటుంది. కాని పడుకుని లెక్కేసుకుంటే నాకే నవ్వొచ్చింది. అప్పకి మేం ఇంటి తాళంచెవి ఇచ్చాం. బీరువా ఉన్న గది ఊడవమన్నాం. నిన్నటి కూర, పాత చీర, తలనొప్పి మాత్ర, అన్నీ ఇచ్చాం. అన్నిటికంటే ముందు పిల్లాణ్ణి తీసుకెళ్ళి చేతుల్లో పెట్టాం. అంతా అయ్యాక ఎనిమిది అక్షరాల దగ్గర ముగ్గురం కూర్చుని ఆలోచిస్తున్నాం.

మర్నాడు ఎందుకు కావాలో అడిగాను. కూతురు హైదరాబాద్‌లో ఉంటుంది. మనవడికి ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. అప్ప ఫోన్లో రోజుకి ఒకటిన్నర జీబీ. అది పొద్దున్నే ఇంట్లో కొడుకు తాగేస్తాడు. ఆ తర్వాత మిగిలేది 64 కేబీపీఎస్. "అప్పుడు గుంటడి బొమ్మ నోరు తెరిసీసి ఆగిపోతాదమ్మా. ఆవులిత్తన్నాడో ఏడుత్తన్నాడో తెల్దు. నానిక్కడ ఏడుత్తాను" అంది.

"ఇంకో ప్యాక్ వేయించుకోవచ్చుగా?"

ఈ ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది అనిపించేలా లెక్క చెప్పింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి అందరికీ నెట్టు ఊరికే పోసి అలవాటు చేసింది. ఇప్పుడు ఊరికే కాదు. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచితే, 239 ఉన్న జియో ప్లాను 299కి ఎక్కింది. అదైనా నెలకా? కాదు, 28 రోజులకి. "ఆళ్ళకి ఏడాదికి పదమూడు నెలలమ్మా. మీరు నాకిచ్చేది పన్నెండు జీతాలే. ఆ పదమూడోది ఎవులిత్తారు?" అంది. 2022 జనవరిలో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ కల్పించుకుని ముప్ఫై రోజుల ప్లాను ఒక్కటైనా పెట్టండని కంపెనీలకి చెప్పింది గాని, పదమూడో జీతం సంగతి ఆయాల తరఫున ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మాట వైఫై మీదికి మళ్ళించాను.

ఇంకో సంగతి. నేను టీచర్ని. బళ్ళో నేను చేసేదీ అప్ప చేసిన పనే, నెట్టు అడుక్కోవడం. ముఖం చూపిస్తే హాజరు వేసుకునే యాప్ ఒకటి 2022లో టీచర్ల జీవితాల్లోకి వచ్చింది. మా స్టాఫులో సిగ్నల్ అందే సిమ్ము ఒక్క సోషల్ మాస్టారిదే. తొమ్మిది కావస్తుంటే టీచర్లందరం ఆయన చుట్టూ చేరి "మాస్టారూ, ఒక్కసారి హాట్‌స్పాట్" అంటూ చేతులు చాస్తాం. ఆయన ఫోన్ జేబులోంచి తీసే తీరు చూడాలి. ఆ క్షణంలో హెడ్మాస్టరు కూడా ఆయన్ని గారూ అంటారు. ఆయన ఒక్కరోజు కూడా నవీ ముంబయి కథ చెప్పలేదు.

తీర్పు మాత్రం ఎవరూ అనుకోని చోటినుంచి వచ్చింది. అత్తగారు విశాఖలో కాపురమున్న రోజుల్లో వీధికంతా వాళ్ళదొక్కటే టీవీ. 1987 జనవరి 25న రామాయణం మొదలైంది. అక్కణ్ణించి ఆదివారం పొద్దున్న వీళ్ళింట్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదట. చాపలు వేసేవారట, మజ్జిగ ఇచ్చేవారట. తర్వాత ఫోనొచ్చింది. వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా శుభలేఖ మీద వీళ్ళ నంబరే, పక్కన బ్రాకెట్లో పి.పి. అని. ఎవరికో సంబంధం కుదిరితే వార్త ముందు మా అత్తగారికి తెలిసేది. "అందరి కబుర్లూ మన చెవిలో పడ్డాకే వాళ్ళకి చేరేవిరా," అన్నారావిడ కొడుకుతో, ఆ వైభవం తలుచుకుని. "ఇచ్చెయ్. ఇవ్వకపోతే మనకేం తెలుస్తుంది?"

ఇవ్వడంలో ఆవిడ ఉద్దేశం వితరణ కాదని మీకు తెలిసిపోయే ఉంటుంది.

మా ఆయన పాస్‌వర్డు నోటితో చెప్పలేదు. అప్ప ఫోన్ తీసుకుని, అరచేయి అడ్డం పెట్టి, గోడ వైపు తిరిగి తనే కొట్టారు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, మధ్యలో ఒక ఎట్. ఈ కోట ఎవడూ బద్దలుకొట్టలేడన్న ధీమాతో ఫోన్ తిరిగిచ్చారు. వారం తిరక్కుండా మా వీధి అరుగు మీద కుర్రాళ్ళు బారుగా కూర్చుని ఫోన్లు నొక్కుతున్నారు. మా ఆయన చూపు సూటిగా అప్ప మీదికే వెళ్ళింది.

"నాకేటి తెల్సు బాబూ? మీరు గోడకేసి తిరిగి కొట్టినారు గదా," అంది అప్ప.

ఆవిడకి నిజంగానే తెలియదు. తెలిసింది అత్తగారికి. ఇప్పటి ఫోన్లలో వైఫై పేరు మీద నొక్కి, పంచుకో అంటే గళ్ళగళ్ళ బొమ్మ ఒకటి వస్తుంది. చాలా ఫోన్లలో దాని కింద మన పాస్‌వర్డు ఎట్‌తో సహా పచ్చిగా రాసి ఉంటుంది. ఎదురింటి కుర్రాడు అత్తగారికి కరివేపాకు తెచ్చిచ్చి, "మామ్మగారూ, మీ ఫోన్ ఒకసారి ఇవ్వండి" అన్నాడట. కరివేపాకు రెబ్బకి కోట తలుపు తీశారావిడ. బ్యాంకాయన తల్లి! మా ఆయన ఆ రాత్రి భోజనంలో కరివేపాకు ఏరి పక్కన పెట్టారు.

పాస్‌వర్డు మార్చారు, అరుగు ఖాళీ అయింది. అప్పకి మాత్రం మళ్ళీ కొట్టిచ్చారు, ఈసారి గోడకి తిరగకుండానే.

ఇక పిల్లాడి సంగతి. మా ఇంటి గోడలు పాతకాలపువి, మందం. రూటరు నుంచి రెండు రకాల వైఫై వస్తుంది. వేగంగా ఉండే ఐదు గిగాహెర్ట్జ్‌ది గోడ దాటలేదు, నెమ్మదైన రెండున్నరకి లోపుది దాటుతుంది. ఈ భౌతికశాస్త్రం అప్ప ఎవరినీ అడక్కుండా తిరిగి తిరిగి కనిపెట్టింది. వసారాలో కిటికీ పక్కన, అత్తగారి పడకకుర్చీ దగ్గర మనవడి బొమ్మ ఆగకుండా కదులుతుంది. పిల్లాడు నిద్రపోయాకే అక్కడ కూర్చుంటుంది. అత్తగారు చెవి అటు వేసి జపం చేసుకుంటారు. హైదరాబాద్‌లో అప్ప అల్లుడికి జీతం ఎప్పుడు పెరిగిందో మాకిప్పుడు తెలుసు.

పిల్లాడు మెలకువగా ఉన్నప్పుడు ఆ ఫోను అటక మీద. ముద్ద తినకపోతే కాకిని చూపిస్తుంది, పక్కింటి మేకని చూపిస్తుంది, అవీ లేకపోతే అత్తగారిని చూపిస్తుంది. ఫోన్ చూపించి తినిపించేది ఇంట్లో ఒక్కరే, ఆదివారం పూట వాడి తండ్రి. ఏడాది లోపు పిల్లలకి తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ సంగతి నేను చాలాసార్లు చదివి వినిపించినా ఆయన చెవికెక్కలేదు. అప్ప చదవలేదు, వినిపించలేదు. ఫోన్ లాక్కుని, "బాబూ, ఈడికి కళ్ళజోడు మీరు కొంటారేటి?" అంది. ఆయన ఆ ముద్ద కాకిని చూపించే పెట్టారు.

ఈమధ్య ప్రభుత్వం కూడా వాట్సాప్‌లోకి దిగింది. 2025 జనవరి 30న 'మన మిత్ర' 161 సేవలతో మొదలైంది. ఒకప్పుడు ఏ కాగితం కావాలన్నా సగం పూట సెలవడిగే అప్ప, ఇప్పుడు వసారాలో కూర్చుని ముందు ఫోన్లోనే అడిగి చూస్తోంది. ఆ సగం పూటలన్నీ నాకు మిగిలాయి. ఈ లాభం మా సభలో ఎవరికీ తట్టలేదు.

మొన్న జీతం పెంచే మాట వచ్చింది. నేను గొంతు సవరించుకునేలోపే అప్ప అంది, "అమ్మా, మన వైఫై స్పీడు సాల్టం లేదు. ఆ వంద ఎంబీలది ఏయించండి."

మా ఆయన ముఖం వెలిగింది. పెంచాల్సిన జీతం కంటే ప్లానుకి పెరిగేది చాలా తక్కువ. అప్పటికప్పుడు కేబుల్ అబ్బాయికి ఫోన్ చేశారు. ఆ రోజే మార్పించారు. "చూశావా, అడిగింది ఇచ్చేశాం," అని నా వంక గర్వంగా చూశారు.

అప్ప పిల్లాణ్ణి భుజం మార్చుకుంది. "అది ఇంటికండి బాబూ. మరి నా జీతం ఎంత సేత్తన్నారు?"