సర్‌నేమ్ గడికి నలుగురు అభ్యర్థులు

చెన్నై చూలైలో ఒక తెలుగు పిల్లకి సంబంధం కుదిరింది. కుర్రాడు పెరంబూరువాడు, ఉద్యోగం డల్లాస్‌లో. ముహూర్తం, మంటపం, వంటవాళ్లు అన్నీ ఒక్క పూటలో తేలిపోయాయి. తేలనిదల్లా వీసా కాగితంలో సర్‌నేమ్ అనే గడి.

బరిలో నలుగురున్నారు. మొదటిది పుట్టింటి ఇంటిపేరు. దానికి డిపాజిట్ దక్కే ఆశ కూడా లేదు. పిల్లని బడిలో వేసిన రోజే ఊరి పద్ధతి ప్రకారం తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ముందు తగిలించి, తాతలనాటి ఇంటిపేరుని గేటు బయటే ఆపేశారు. రెండోది తండ్రి పేరు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు కనుక ఆ అక్షరాన్ని విప్పితే వచ్చింది ఇదే, ప్రస్తుతం పదవిలో ఉన్నదీ ఇదే. మూడోది మొగుడి పేరు. నాలుగోది మొగుడి పాస్‌పోర్టులో ఉన్న సర్‌నేమ్, అంటే సాక్షాత్తూ మామగారి పేరు.

వియ్యపురాలి మద్దతు నాలుగోదానికే. "వదినగారూ, పేర్లు కలవకపోతే కాన్సులేటువాళ్లు వీళ్లని మొగుడూ పెళ్లాలని నమ్ముతారా?" అంది. ఏ పేరు కలవాలో మాత్రం చెప్పలేకపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆ పేరు నోటితో పలకలేదు. గోడ మీద ఫొటో వైపు వేలు చూపించి "అదే" అంది. రేపు డల్లాస్ విమానాశ్రయంలో అధికారి ఆ పేరు పెట్టి కేకేస్తే, మామగారి ఎదుట కుర్చీలో కూడా కూర్చోని కోడలు "నేనేనండీ" అంటూ ముందుకెళ్లాలి.

నిజానికి ఆ అనుమానం కాన్సులేటుది కాదు, చూలైది. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు తెరిచేదాకా ఆంధ్రదేశమంతా మన సెంట్రల్ స్టేషన్లో దిగి జెమిని సర్కిల్ కాన్సులేటుకి పోవాల్సిందే. ఆ క్యూలో పుట్టిన శాస్త్రాలు క్యూ తగ్గినా పోలేదు. భర్త వెంట వెళ్లే భార్యకి వీసా కావాలంటే వాళ్లు చూసేది పెళ్లి ధ్రువపత్రం. తమిళనాడులో 2009 నుంచి ప్రతి పెళ్లీ రిజిస్టరు చేయించాలని చట్టమే ఉంది. పెళ్లయిందని ఆడవాళ్లు పాస్‌పోర్టులో పేరు మార్చుకోనక్కర్లేదని 2017లో ప్రధానమంత్రే చెప్పారు. వియ్యపురాలు ఆ రోజు సీరియల్ చూస్తున్నట్టుంది.

పోనీ మారుస్తారనే అనుకోండి. అమింజికరై సేవా కేంద్రంలో పాస్‌పోర్టు మళ్లీ తీయించాలి, తరవాత ఆధార్, పాన్, బ్యాంకు. డిగ్రీ పట్టా మాత్రం పాత పేరుతోనే మొండికేస్తుంది. ఇంతా అయ్యాక వీసా ఫారం అడుగుతుంది: ఇంతకుముందు వేరే పేర్లేమైనా వాడారా? అవునని చెప్పి, వదిలించుకున్న పేరుని చేత్తో మళ్లీ రాయాలి.

ఏ సర్‌నేమూ వద్దు, అమ్మాయి పేరొక్కటీ చాలదా అన్నాడు మేనమామ. ఒంటి పేరు పాస్‌పోర్టు ఉంటే సందర్శక వీసా మీద రానివ్వమని 2022 నవంబరులో యూఏఈ ప్రభువులు తేల్చేశారు. అమెరికా రానిస్తుంది గానీ, ఉన్న ఒక్క పేరునీ సర్‌నేమ్ గడిలోకి తోసి, అసలు పేరు గడిలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని రాస్తుంది, పేరు తెలియదని అర్థం. అమ్మా నాన్నా బారసాల చేసి పెట్టిన పేరు సంగతి అది.

బామ్మకి సినిమా పరిజ్ఞానం ఎక్కువ. బొమ్మరాజు వారి భానుమతి పెళ్లయ్యాక భానుమతీ రామకృష్ణ అయింది, పులపాక సుశీల పి.సుశీలగానే ఉండిపోయింది, ఇద్దరూ మహారాణుల్లా బతికారు కదా అంది. పిల్ల తండ్రి మాత్రం కెనడా సంబంధం వదులుకున్నందుకు బాధపడుతున్నాడు. క్యూబెక్‌లో 1981 నుంచి పెళ్లయినా ఆడదాని పేరు పుట్టినప్పటిదే, చట్టం అంతే. అక్కడైతే వియ్యపురాలు నేరుగా ప్రభుత్వంతోనే పోట్లాడుకునేది.

చివరికి పిల్లే వీడియో కాల్లో కుర్రాణ్ణి అడిగింది, "మీరేం మారుస్తున్నారు?" అని. అతను నవ్వి మెడలోని ఆఫీసు కార్డు చూపించాడు. మేనేజరుకి నోరు తిరగడంలేదని వెంకట సుబ్రహ్మణ్యం ఎప్పుడో శామ్ అయిపోయాడట. ఈ మార్పుకి వాళ్లమ్మ ఏమీ అనలేదట.

బామ్మ కళ్లజోడు సర్దుకుంది. "పేర్లు కలవడమే కదా మీకు కావాల్సింది? అయితే పిల్లకి సర్‌నేమ్ శామ్ అని రాయించండి."