పువ్వుని చూశాను, దుంపని మరిచాను

మీకైతే చెప్పుకోవచ్చు, తిట్టినా క్షమిస్తారన్న ధైర్యంతో రాస్తున్నాను. పెరట్లో మంచి మొక్క ఒకటి పూస్తే నలుగురికీ చూపించాలనిపించని మనిషి ఎవరుంటారు? నాకా ఆశ కాస్త ఎక్కువ. షికాగో శివార్లలోని మా పెరట్లో కాలా లిల్లీలు మొదటిసారి పూసిన వేసవిలో, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ కాఫీ అయినా ఇవ్వకుండా పెరట్లోకి లాక్కెళ్ళాను. చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నీ ఆ ఫొటోలతో నింపేశాను.

అంత అందం మరి దానిది! మనం పువ్వనుకునే ఆ తెల్లటి దొప్ప నిజానికి వంపు తిరిగిన ఆకే. అసలు పూలు మధ్యలో నిలబడ్డ పసుపు కాడ మీద కంటికి ఆననంత చిన్నగా ఉంటాయి. జార్జియా ఓకీఫ్ 1920ల్లో, డియెగో రివెరా 1940ల్లో దాని బొమ్మలు గీశారు. పుట్టిల్లు దక్షిణాఫ్రికా తడి నేలలు. వంశం మాత్రం మనకి తెలిసిందే, చేమ, కందల కుటుంబం. కొరికితే నోరు దురదపెట్టేదీ అందుకే.

ఆ చుట్టరికమే నా కొంప ముంచింది. దుగ్గిరాల దగ్గర పసుపు, కంద పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి, దుంపల సంగతి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. అక్టోబరులో తొలి మంచుకి ఆకులు నల్లబడ్డప్పుడు పక్కింటి పెద్దావిడ కంచె దాకా వచ్చి, దుంపలు తవ్వి లోపల పెట్టుకోమంది. "మాది వ్యవసాయ కుటుంబమండీ, దుంప నేలలోనే నిద్రపోయి వానకి లేస్తుంది" అన్నాను. పాపం, ఆవిడ మారుమాట్లాడలేదు. నాలుగు ఎండుటాకులు కప్పి లోపలికి వచ్చేశాను. జనవరి వచ్చింది, నేల గడ్డకట్టింది, మే వచ్చింది, పక్కిళ్ళలో అన్నీ మొలిచాయి, మా మడి మొలవలేదు, గునపం తెచ్చి తవ్వాను, చెయ్యి పెట్టాను, వేళ్ళకి కుళ్ళిన గుజ్జు తగిలింది.

మన పొలాల్లో నేల గడ్డకట్టదన్న చిన్న విషయం నాకు తట్టలేదు. గర్వం కళ్ళకి అడ్డుపడితే ఎదురుగా ఉన్న చలి కూడా కనపడదు.

అంతటితోనైనా బుద్ధి రావాలా? మళ్ళీ కొత్త దుంపలు తెచ్చి నాటాను. మరుసటేడు తవ్వాను గానీ, శుభ్రం మీద మోజుతో కుళాయి కింద కడిగి, తడి ఆరకముందే ప్లాస్టిక్ సంచిలో బిగించి బేస్‌మెంటులో పెట్టాను. బూజు పట్టి అవీ పోయాయి. ఫోనులో చెప్తే అమ్మ ఒక్కటే అడిగింది: "విత్తనం పసుపుని మనమెప్పుడైనా కడిగి మూటకట్టామా నాన్నా?" నీడలో రాశి పోసి ఆకులు కప్పడం చిన్నప్పుడు నా కళ్ళతో చూసినదే. ఇంటి పేరు చెప్పుకున్నాను, ఆ ఇంటి పని మరిచిపోయాను.

ఇప్పుడు చేస్తున్నది చెప్తాను. ఆకు నల్లబడగానే రెండు మూడంగుళాల కాడ ఉంచి కోస్తాను. గాయం తగలకుండా కాస్త ఎడంగా తవ్వి, మట్టి దులిపి, నీళ్ళు తగలనివ్వకుండా కొద్దిరోజులు నీడలో ఆరబెడతాను. పొడి పీట్ మాస్‌లో ఒకదానికొకటి తగలకుండా పేర్చి, అట్టపెట్టెలో, 50–55 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే మూలన పెడతాను. అప్పుడప్పుడూ తీసి చూసి, మెత్తబడ్డవాటిని పారేస్తాను. మంచు భయం తీరాక మేలో, మొలక కళ్ళు పైకి ఉండేలా నాలుగంగుళాల లోతున నాటుతాను. కుండీలో పెంచేవాళ్ళు నీళ్ళు ఆపేసి, కుండీతో సహా లోపల పెట్టుకుంటే సరిపోతుంది.

పూసిన మొక్కని అందరూ ప్రేమిస్తారు. ఎవరూ చూడ్డానికి రాని చలికాలంలో, అట్టపెట్టెలోని ఆ దుంపని పట్టించుకున్నవాడిదే ఆ పువ్వు. మీ ఊళ్ళో నేల గడ్డకడుతుందా? అయితే ఈ అక్టోబరులో దుంపలు తవ్వి లోపల పెట్టండి. పక్కింటి పెద్దవాళ్ళు ఏదైనా చెప్తే, మీ వంశం గురించి మాట్లాడకుండా వినండి.