తవుడు మాహాత్మ్యము

బియ్యము నిండుకొన్నవని ఇంటిలోనుండి కబురు వచ్చినది. నిండుకొన్నవనగా లేవని అర్థము. లేమిని సైతము నిండుదనముగా పలుకు సంస్కారము గల జాతి మనది గనుక, ఉన్న గుణమును ఊడగొట్టి దానికి అభివృద్ధి యని నామకరణము చేయు వర్తకశిఖామణులను మనము తప్పు పట్టుట భాషాధర్మమునకే విరుద్ధము. ఈ విధముగా మనస్సును సమాధానపరచుకొని, సంచి చంకను బెట్టుకొని, వీధి చివరనున్న బియ్యపు కొట్టునకు బయలుదేరితిని.

కొట్టు యజమాని పాత పరిచయస్థుడు. కొనదేరిన ఇనుపగొట్టమును నాలుగు బస్తాలలో వరుసగా గుచ్చి, నాలుగు గుప్పెళ్ళు తీసి, పళ్ళెములో నాలుగు కుప్పలుగా పోసి, స్వయంవరమున రాజకుమారులను వర్ణించు చెలికత్తె వలె ఒక్కొక్క కుప్ప గుణగణములను వినిపించెను.

“ఇవి సింగిల్ పాలిష్ అండి మాస్టారూ, మామూలు రకం. ఇవి డబుల్ పాలిష్. ఇవి సార్టెక్స్ చేసినవి, రాయి గాని నల్లగింజ గాని చూపించండి, డబ్బు వాపసు. ఇవిగో, ఇవి సిల్కీ. పెళ్ళిళ్ళకి ఇవే పట్టికెళ్తున్నారు.”

నాలుగు కుప్పలును ఒక తల్లి బిడ్డలే. 1986లో బాపట్ల పరిశోధనాక్షేత్రమునుండి వెలువడి, బి.పి.టి. 5204 అను ఖైదీ సంఖ్య వంటి పేరుతో దేశమెల్ల వ్యాపించిన సాంబమసూరి సంతానము. భేదమంతయు ఎవరిని ఎంత గీచినారన్న దానిలోనే యున్నది. సిల్కీ వానిలో ఒక గింజను అరచేత బెట్టుకొని, కండ్లజోడు నుదుటిమీదికి నెట్టి పరిశీలించితిని. మల్లెమొగ్గ వలె తెల్లగా, వ్రేలికి నిలువక జారిపోవునంత నున్నగా నున్నది. దాని ఒక కొసయందు మాత్రము ఎలుకపంటి గాటు వంటి చిన్న నొక్కు కనబడినది. మొలక యుండవలసిన చోటది. ప్రాణముండిన చోట గుంట, మిగిలిన ఒడలెల్ల మెఱుగు.

“పాలిష్ పట్టనివి లేవా?” అని అడిగితిని.

“ఎందుకు లేవండీ, ఉన్నాయి. అవి బీరువాలో ఉంటాయి” అని అద్దాల బీరువా తాళము తీసి, ఎఱ్ఱని గుండె బొమ్మ ముద్రించిన కిలో పొట్లమొకటి రెండు చేతులతో తెచ్చి బల్లమీద నుంచెను. వెల చూతునుగదా, సిల్కీ బియ్యముకంటె ఒకటిన్నర రెట్లు.

“వీటిమీద మీరు చేసిన పని తక్కువ గదా, వెల ఎక్కువేమిటయ్యా?”

“పని తక్కువేనండి. పేరు పెద్దది.”

ఈ సమాధానమునకు మాఱు పలుకగల పాండిత్యము నాకు లేదు. ఉప్పుతోను బొగ్గుతోను పండ్లు తోముకొనువారిని చూచి రెండు తరములపాటు నవ్వి, ఆ యలవాటు మాన్పించి, నేడు ఆ ఉప్పునే ఆ బొగ్గునే గొట్టములలో నింపి అమ్ముచున్న మహనీయుల మాట నేనెత్తను; అన్నము ముందు అవి చిల్లర విషయములు. కాని అమెరికావారి యుదంతమొకటి మాత్రము చెప్పక తప్పదు. 1985 ఏప్రిల్ 23వ తేదీన కోకాకోలా కంపెనీవారు, దాదాపు 2 లక్షల మందిచేత గుక్కెడు గుక్కెడు రుచి చూపించి, వారిలో హెచ్చుమంది మెప్పును సంపాదించి, పాత పాకమును విసర్జించి క్రొత్త పాకమును సీసాలకెత్తిరి. జనులు భగ్గుమనిరి; ఉత్తరములు వ్రాసిరి, టెలిఫోనులలో తిట్టిరి, మిగిలిన పాత సీసాలను నిధినిక్షేపముల వలె ఇండ్లలో దాచుకొనిరి. తుదకు 79 దినములు గడచునప్పటికి, జూలై 11న, కంపెనీ తల వంచి పాత పానీయమునకు ‘క్లాసిక్’ అను బిరుదము తగిలించి మరల సభాప్రవేశము చేయించెను. చక్కెరనీళ్ళ కొఱకు ఒక జాతి చూపిన పౌరుషమది. మనము అన్నము విషయమున నూరేండ్లకు పైబడి చూపుచున్నది నమస్కారము.

నా చిన్నతనమున మా ఊరికి మర లేకపోలేదు. కాలువగట్టున హల్లరు మిల్లు డుబుడుబుమనుచు పొగ చిమ్ముచుండెడిది. అయినను మా మేనత్త ఇంటి పెరటిలోని రోలు చాలకాలము పదవీచ్యుతి పొందలేదు. తెల్లవాఱకమున్నే అత్తయ్యయు, పాలికాపు భార్యయు ఎదురెదురుగా నిలిచి, ఒకరి రోకలి లేచునప్పటికి ఒకరి రోకలి పడునట్లు దంపుచుండగా, రోకటి పొన్ను చప్పుడునకు నాకు మెలకువ వచ్చెడిది. దంపినవానిని చేటలోనికెత్తి చెరుగునప్పుడు ఊక ఎగిరి గాలిపాలు కాగా, చేటలో మిగిలిన బియ్యము లేత గోధుమ వన్నెతో, పైని సన్నని తవుటి పూతతో, చేతికి కొంచెము గరుకుగా తగులుచుండెడివి. ఆ అన్నము మెత్తబడుటకు కట్టెలు ఎక్కువ కాలవలెను. తినుటకు దవడలు ఎక్కువ ఆడవలెను. పిడికెడు తినునప్పటికే కడుపు నిండినట్లుండెడిది. ఈ మూడవ గుణమే ఆ బియ్యమునకు వర్తకలోకమున శత్రువైనదని నా అనుమానము.

ఇక్కడ ఒక మాట దాచుట అధర్మము. దంపుడు బియ్యమును కీర్తించుచు వ్యాసములు వ్రాసిన పురుషపుంగవులలో రోకలి పట్టి చూచినవారెందరో నాకు సందేహమే. ఈ వ్యాసకర్త పట్టలేదు. మా అత్తయ్య అరచేతులలోని కాయలు ఆమె పోవునంతవరకు పోలేదు. కట్టకడపట మామయ్య వడ్లబస్తాలను బండి కెత్తించి మరకు తోలించిన నాడు ఆమె దేవునికి కొబ్బరికాయ కొట్టించెను. ఆ కొబ్బరికాయకు నేనెదురు చెప్పజాలను. తవుడుతో నున్న బియ్యము ఎక్కువ కాలము నిలువ యుండవన్నదియు నిజమే; తవుటిలోని నూనె చెడి, ముక్క వాసన కొట్టి, పురుగు పట్టును. ఊకను ఊడబెఱికినంతవరకు మర మన పాలిటి పుణ్యాత్మురాలు. అచ్చట ఆగినయెడల ఈ వ్యాసమునకు పని లేకపోయెడిది. గడ్డము గీయుమని కూర్చున్నవానికి చెంపతోలు కూడ ఒలిచి, ఎంత నున్నగా నున్నదో చూచుకొమ్మని అద్దము చేతికిచ్చినట్లు, అది ఊక తీసిన చేతితోనే తవుడును తీసినది. తవుడుతోబాటు మొలకను తీసినది. పిమ్మట, ఇంకను తీయుటకేమియు దొరకనందున, మెఱుగు పెట్టుట నేర్చుకొన్నది.

ఆ తవుడంతయు ఎక్కడకు పోయినదని అడిగెదరేమో, గేదె యొద్దకు పోయినది. బియ్యము కడిగిన నీళ్ళు కుడితితొట్టిలో బడి గేదె యొద్దకే పోయినవి. అన్నము ఉడికిన పిమ్మట వార్చిన గంజి, బట్టలకు పెట్టినది పోగా, తక్కినది గేదెకే. గింజలోని సారమును మూడు విడతలుగా పశువునకు సమర్పించి, మిగిలిన తెల్లదనమును వెండికంచములో వడ్డించుకొని, ఆవకాయ కలుపుకొని తినుటయే నాగరకతయని మనము నిశ్చయించుకొన్నాము. గేదె నిగనిగలాడినది. యజమానికి కాళ్ళు తిమ్మిరులెక్కి, పాదములు వాచి, నాలుగడుగులు వేయునప్పటికి గుండె దడదడలాడజొచ్చినది.

ఈ జబ్బునకు బెరిబెరి యని పేరు. దీని గుట్టును ముందుగా బయటపెట్టినవి జావా ద్వీపమందలి కోళ్ళు. 19వ శతాబ్ది చివర బటేవియా నగరమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు ఈ వ్యాధికి సూక్ష్మక్రిమి యేదో కారణమని నమ్మి, దానిని వెదకుచు కోళ్ళను పెంచుచుండెను. పొదుపు నిమిత్తము వానికి సైనికాసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నమును వేయుచుండిరి. కోళ్ళు కాళ్ళు పడిపోయి కూలబడినవి. ఇంతలో వంటవాడు మారినాడు. క్రొత్తగా వచ్చినవాడు, సైనికులకు వండిన శ్రేష్ఠమైన అన్నమును సివిలు కోళ్ళకు పెట్టుటకు వీలులేదని నిబంధన చూపి నిరాకరించినాడు. గత్యంతరము లేక ముడిబియ్యము వేయగా, కోళ్ళు లేచి నడిచినవి! ఆఫీసు నిబంధనవలన లోకమునకు కలిగిన మేళ్ళను వ్రేళ్ళమీద లెక్కింప నారంభించినచో మొదటి వ్రేలు ఈ వంటవానికి చెందవలెను. 1929లో నోబెలు బహుమానము ఐక్మన్‌కును, హాప్కిన్సు అను ఆంగ్లేయునకును పంచియిచ్చిరి. వంటవానిని ఎవరును తలపలేదు.

మద్రాసు రాజధానిలో ఈ వ్యాధి విశేషాభిమానముతో ఆశ్రయించిన ప్రదేశము ఏదనుకొన్నారు? మన ఉత్తర సర్కారు జిల్లాలే. వడ్లను ఉడికించి ఎండబెట్టి దంపిన ఉప్పుడు బియ్యమును తినువారియందు, ఉడుకునప్పుడే సారము కొంత లోపలి గింజలోనికి ఇంకిపోవుటచేత, మర యెంత గీచినను అంత కీడు జరుగలేదు. పచ్చిబియ్యపు తెల్లని అన్నము లేనిదే పరువు దక్కదనుకొన్న మన డెల్టా ప్రభువులు మాత్రము ఆ పరువును కాళ్ళతో చెల్లించిరి. దీనిని విచారించుటకై 1918లో మెక్కారిసన్ దొర నీలగిరి కొండలమీద కూనూరు పాశ్చరు సంస్థలో ఒక్క గది తీసికొని బెరిబెరి విచారణశాల నెలకొల్పెను. ఆ ఒక్క గదియే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా విలసిల్లుచున్నది. అనగా, బియ్యమును బాగుచేయుటవలన ఏమి చెడినదో కనుగొనుటకు మనకొక మహాసంస్థయే కావలసివచ్చినది. చెడగొట్టుటకు మాత్రము కాలువగట్టున ఒక రేకులషెడ్డు చాలినది.

తరువాతి కథ మందుల దుకాణములో జరిగినది. 1912లో ఫంక్ అను శాస్త్రజ్ఞుడు, తవుటిలో దాగిన బెరిబెరి మందు వంటి పదార్థములకు విటమిను అను పేరు పెట్టగా, 1926లో అదే జావాలో ఇద్దరు డచ్చివారు తవుటినుండియే ఆ బెరిబెరి మందును స్ఫటికములుగా వేఱుచేసి చూపిరి. గేదె ఇన్నేండ్లుగా రహస్యముగా భుజించుచున్నదేమో అప్పటికి మానవునకు తెలిసినది. తెలిసినవాడు తవుడు తినునా? మాత్ర మ్రింగును. మా యింటి అలమరలో బి-కాంప్లెక్సు మాత్రల పట్టీ బియ్యపు డబ్బాకు జానెడు దూరములోనే యున్నది. రెండును ఒక గింజనుండి విడిపోయిన అన్నదమ్ముల వలె ఒకరి ముఖమొకరు చూడక కూర్చున్నవి.

గేదెకైనను ఆ భోగము నిలిచినదా? అదియు లేదు. తవుటిలో నూనె యున్నదని కనిపెట్టి, దానిని పిండి, గుండెకు హితమని సీసాలకెత్తి, ఆ గుండె బొమ్మనే అతికించి అమ్ముచున్నారు. నూనె తీసిన తవుడు పశువులకు దక్కుచున్నది. ఒకే గింజను మర ఒలిచి, తెల్లభాగమును సిల్కీ యని, పైపూతను నూనె యని, ఒలువని గింజను ఆరోగ్యమని మూడు బేరములు చేయుచుండగా, మూడింటిని ఒక సంచిలో వేసికొని ఇంటికి పోవు బుద్ధిమంతుడు నావంటి పింఛనుదారుడు.

ఇక సర్కారువారు ఊరకుండుట మర్యాద కాదు. రక్తహీనత దేశములో యథార్థము. దానిని తగ్గింపవలెనన్న సంకల్పము మంచిదే. 2021 ఆగస్టు 15న ఎఱ్ఱకోటనుండి ప్రధానమంత్రి చేసిన ప్రకటన ననుసరించి చౌకబియ్యము బలవర్ధకములైనవి. బియ్యపుపిండిలో ఇనుమును, ఫోలిక్ ఆమ్లమును, బి12 విటమినును కలిపి, దానిని మరల బియ్యపుగింజ ఆకారమున అచ్చుపోసి, నూరు కిలోలకు ఒక కిలో చొప్పున మెఱుగు పట్టిన బియ్యములో కలుపజొచ్చిరి. ముందు బియ్యమును బియ్యము కాకుండ చేసి, తరువాత బియ్యము కానిదానిని బియ్యముగా చేసి, రెండింటికి వియ్యము కలిపిరి. పోయినవన్నియు తిరిగి రాలేదు. వచ్చినవానిలో బి12 ఏ నాడును తవుటిలో లేదు. అయినను రాకపోకల లెక్క కాగితముమీద సరిపోయినది.

మా యింటికి పనికి వచ్చు అప్పలమ్మ ఒకనాటి మధ్యాహ్నము మా వెనుక వసారాలో చేట ముందు వేసికొని, తన చౌకబియ్యమును పోసి, ఒక్కొక్క గింజను ఏరుచు కూర్చున్నది. రాళ్ళేమోయని వంగి చూచితిని. రాళ్ళు కావు. కొంచెము పసుపుడాలుగా, కొంచెము మొద్దుగా నున్న గింజలను గోటితో పట్టి ప్రక్కనున్న కొబ్బరిచిప్పలో వేయుచున్నది.

“ప్లాస్టిక్ బియ్యమయ్యగారూ. నీళ్ళల్లో ఏస్తే తేలతన్నాయి. మా వీధి వీధంతా ఏరుకుంటన్నాం” అన్నది.

అవి ప్లాస్టికు కావనియు, పిండిలో బలమైన ధాతువులు కలిపి చేసినవనియు, పోయిన సత్తువను మరల ఇచ్చుటకై సర్కారువారు వేయించినవనియు నాకు తెలిసిన శాస్త్రమంతయు ఆమెకు ఉపదేశించితిని. శ్రద్ధగానే విన్నది, వినుచునే మరి నాలుగు గింజలు చిప్పలో వేసినది.

“మరి ముందున్న సత్తువ ఎవరు తీసేశారయ్యగారూ?”

“మిల్లువాళ్ళు తీశారు.”

“వాళ్ళని తియ్యొద్దని చెప్తే సరిపోద్ది గందా?”

నేను కండ్లజోడు తుడుచుకొంటిని. వినువారికి ఇది ఊకదంపుడుగా తోచుచున్నదని నాకే తెలిసిపోయినది. లోపలినుండి మా ఇల్లాలు కాఫీకి పిలిచినందున సభ అంతటితో ముగిసినది.

మఱునాడు కాలువ కవతలి వీధిలో పనియుండి పోవుచు అప్పలమ్మ వాకిలి ముందుగా నడిచితిని. అరుగు ప్రక్కన కొబ్బరిచిప్ప బోర్లించి యున్నది. అయిదారు కోళ్ళు దానిచుట్టు చేరి, నేలమీది గింజలను ఒకదానినొకటి త్రోసికొనుచు ఏరి తినుచున్నవి. నన్ను చూచి ఒక పుంజు రెక్కలు టపటపలాడించి, నా చేతిలోని సంచి వైపు ఒకసారి మెడ సాచి చూచి, గట్టి కాళ్ళతో గోడెక్కి కూసినది.