అన్‌లిమిటెడ్ టాక్‌టైమ్, వ్యాలిడిటీ ఫిబ్రవరి 15

2024 మొదట్లో తెలంగాణలో పెండింగ్ ట్రాఫిక్ చలాన్ల రాయితీ గడువు మళ్లీ మళ్లీ పెరిగింది. మొదట జనవరి 10 అన్నారు, తర్వాత 31 అన్నారు, ఆ తర్వాత ఫిబ్రవరి 15 అన్నారు. ఈ వ్యాలిడిటీ పొడిగింపులు ఎక్కడో చూసినట్టుందే అనుకుంటే అప్పుడు తట్టింది. మన సర్కారు ఎప్పుడో టెలికాం కంపెనీ పెట్టేసింది, మనమే గుర్తుపట్టలేదు.

అప్పటి ప్లాన్ వివరాలు వినండి. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడితే 1000 రూపాయలు. పోస్ట్‌పెయిడ్. ముందు మాట్లాడుకో, బిల్లు వెనక వస్తుంది. చౌరస్తాలో కానిస్టేబుల్ ఫొటో తీస్తాడు, అదే కేవైసీ. బిల్లు కట్టలేదని కనెక్షన్ పీకరు. పైగా ఎంతకాలం ఎగ్గొడితే అంత మంచి కస్టమరన్నమాట. టూవీలర్‌కు 80 శాతం తగ్గింపు, 200 కడితే సరిపోయేది. కారుకు 60 శాతం. ఆర్టీసీ బస్సుకు ఏకంగా 90. బస్సుకెందుకంత అని అడక్కండి, యాభైమంది ఎక్కే బండి, ఫ్యామిలీ ప్యాక్.

పాత కంపెనీ, అంటే అంతకుముందున్న సర్కారు కూడా 2022 మార్చిలో ఈ ప్లానే తెచ్చింది, అప్పుడు టూవీలర్లకు 75 శాతం. 2023 నవంబరు ఎన్నికల్లో జనం నెట్‌వర్క్ పోర్ట్ చేసుకున్నారు. డిసెంబరులో టవర్ మారింది, నెల తిరక్కుండానే అదే ఆఫర్ ఇంకో ఐదు శాతం కలుపుకుని వచ్చింది. ఢిల్లీ హెడ్డాఫీసు, అంటే కేంద్రం, 2019లోనే టారిఫ్ పెంచింది: ఫోన్ పట్టుకుని నడిపితే 1000 నుంచి 5000 దాకా జరిమానా, లేదా ఆర్నెల్ల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. మా సర్కిల్లో ఆ రేట్లు నడవవని ఇక్కడివాళ్లు అప్పుడే పక్కన పెట్టేశారు.

ప్లాన్‌కు గిరాకీ ఎంతుందో చూడాలంటే పొద్దుగూకేవేళ హన్మకొండ చౌరస్తాలో నిలబడండి. హెల్మెట్‌కూ చెవికీ మధ్య ఫోన్ దోపుకుని, మెడ పక్కకు వాల్చి వస్తుంటాడు కస్టమర్. వెనక భార్య, ముందు ట్యాంకు మీద పిల్ల. "ఆ... బండి మీదనే ఉన్న. ఏం గాదు, చెప్పు." చట్టం పట్టించుకునేది చేతిలో ఫోన్‌నే కదా, చేతులు రెండూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. మెడ సంగతి చట్టంలో లేదు. మన ఊళ్లో హెల్మెట్ వల్ల ఒనగూడిన ప్రయోజనం ఈ ఫోన్ స్టాండొక్కటే.

ఆఫర్ వర్తించని కస్టమర్ ఒకడున్నాడు. చలాన్ వచ్చిన మర్నాడే మీసేవకు పోయి వెయ్యీ కట్టి, రసీదు బీరువాలో దాచుకున్నవాడు. ప్రీపెయిడ్, పాపం.

ఇంకొకాయనకు అసలు ఫోనే లేదనుకుందాం. వరంగల్ పోచమ్మ మైదాన్ దగ్గర నడుచుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. "ఏం గాదు, చెప్పు" అంటున్నవాడు ఆయన్ని చూడలేదు. తొడ ఎముక విరిగి ఎంజీఎం ఆస్పత్రిలో పడుకున్న ఆయన నొప్పిలో 80 శాతం ఎవరు మాఫీ చేస్తారు? మూడు నెలలు కూలి లేని ఇంట్లో కిరాయికి గడువెవరు పొడిగిస్తారు? సర్కారువారూ, ఆ వెయ్యి జరిమానా మీకు రావాల్సిన బాకీ అనుకుని బేరానికి కూర్చున్నారు. అది పెట్టింది ఆయన కాలు విరక్కుండా ఉండాలని. దాన్ని తెగనమ్మి, ఖజానాకు ఎన్ని కోట్లొచ్చాయో లెక్కలు చెప్పుకోవడానికి సిగ్గుండాలి.

ఆ ప్రీపెయిడ్ వాడికి 800 వెనక్కివ్వండి. ఇవ్వలేమంటారా, ఇంకోసారి ఇలాంటి ఆఫర్ తేదీ చెప్పకండి.